ప్రయాణం ఆగిపోయిందా? బెజవాడ చుట్టూనే సెలవులు గడిపే పద్ధతి

సెలవు మంజూరయ్యాక, టికెట్లు కొన్నాక, పిల్లలకు మాట ఇచ్చాక ప్రయాణం ఆగిపోతే ఎక్కువ నష్టం జరిగేది సెలవు రోజులకే. మొదటి రోజు తొమ్మిదింటి దాకా పడుకుంటాం. రెండో రోజు ఎప్పటి నుంచో వాయిదా పడుతున్న అటక సర్దుడు మొదలవుతుంది. మూడో రోజు "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ బ్యాంకు పని, కరెంటు పని, చుట్టాల పని ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. నాలుగో రోజుకి ఆఫీసులో అడుగుపెట్టకముందే ఒళ్లు అలసిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడు ఒకటే. ఆ సెలవును వెనక్కి ఇవ్వకండి. బయటూరు వెళ్లినప్పుడు ఏ నియమాలు మనకు తెలియకుండానే పాటిస్తామో, వాటినే ఇంటి దగ్గరుండి పాటించండి. పరాయి ఊళ్లో తెల్లవారుజామునే లేస్తాం, వంట పెట్టుకోం, టికెట్ కొని మరీ గుడిని, కోటను చూస్తాం, తెలియనిది అడుగుతాం. సొంతూళ్లో ఇవేవీ చేయం. బెజవాడలో పుట్టి పెరిగి ఉండవల్లి గుహలు చూడనివాళ్లు ఎంతమంది ఉంటారో మీ ఇంట్లోనే లెక్క తీయండి.

ఇక్కడ చెప్పేదంతా విజయవాడ, గుంటూరు, గుడివాడ వైపు ఉండేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. పద్ధతి మాత్రం ఏ ఊరి వాళ్లయినా తమ చుట్టుపక్కల ఊళ్లకు అన్వయించుకోవచ్చు.

ముందు టికెట్ల సంగతి తేల్చండి

ఇది పెండింగులో ఉంటే నాలుగు రోజులూ ఫోన్ చేతిలోనే ఉంటుంది. అందుకే ఒక పూట కూర్చుని ముగించేయాలి.

రైలును రైల్వేనే రద్దు చేస్తే, ఆన్‌లైన్‌లో కొన్న ఈ-టికెట్ డబ్బు మొత్తం తనంతట తానే ఖాతాకి వస్తుంది. దానికి టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మని రైల్వేకి పెట్టుకునే దరఖాస్తు, వేయనక్కర్లేదు. కౌంటర్‌లో కొన్న టికెట్ అయితే మూడు రోజుల్లోపు రిజర్వేషన్ కౌంటర్‌కి తీసుకెళ్లాలి. రైలు మూడు గంటలకు పైగా ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, ఆ రైలు మీ స్టేషన్ నుంచి కదిలేలోపే టీడీఆర్ వేయాలి. కదిలిపోయాక వేస్తే పని జరగదు, చాలామందికి డబ్బు పోయేది ఇక్కడే. మీరే రద్దు చేసుకుంటుంటే, బయల్దేరే సమయం దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది. రాత్రి తీసుకున్న నిర్ణయాన్ని పొద్దున దాకా ఆపకండి, రాత్రే రద్దు చేయండి. ఖరారైన తత్కాల్ టికెట్‌ను మనం రద్దు చేసుకుంటే ఏమీ రాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

విమానం సంగతికొస్తే, "నాన్ రిఫండబుల్" అని రాసి ఉన్న టికెట్ మీద కూడా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. అడగనివాళ్లు వాటిని వదులుకున్నట్టే అవుతుంది. అందుకని రద్దు నొక్కే ముందు ఏ మొత్తం వస్తుందో తెర మీద చూసి, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. విమాన సంస్థే సర్వీసు రద్దు చేస్తే డబ్బు కావాలా, వేరే విమానం కావాలా అన్నది మీరు కోరుకోవచ్చు. క్రెడిట్ నోటు ఇస్తామంటే దాని గడువు తేదీ చూడకుండా ఒప్పుకోకండి.

హోటల్ వాళ్లను డబ్బు వెనక్కి అడగడం కంటే తేదీ మార్చమని అడిగితే సులువుగా ఒప్పుకుంటారు. ఫోన్‌లో ఒప్పుకున్న మాటను వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి.

ఊళ్లో ఉన్నా ఊళ్లో లేనట్టే

పనిమనిషికి, పాలవాడికి, దగ్గరి చుట్టాలకు "ఫలానా తేదీ దాకా మేం ఇంట్లో ఉండం" అని చెప్పేయండి. అది అబద్ధం కాదు, పగలు నిజంగానే ఉండరు. మధ్యాహ్నం వంట నాలుగు రోజులూ బంద్. ఈ ఒక్కటీ పాటించకపోతే ఇంట్లో ఆడవాళ్లకు సెలవు లేనట్టే, మిగతావాళ్లు ఎంత తిరిగినా అది కుటుంబ సెలవు కాదు. రాత్రికి పెరుగన్నం, పచ్చడి, అప్పడాలు చాలు.

బయల్దేరే సమయం పొద్దున ఐదున్నర. కోస్తాలో మార్చి నుంచి జూన్ దాకా పదింటికే ఎండ మండిపోతుంది. చూసేది ఐదున్నర నుంచి పదింటి దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యలో ఇల్లు, ఫ్యాను, నిద్ర. బయటూళ్లో ఉన్న హోటల్ గది కంటే మన మంచం మేలు, దగ్గర్లో తిరగడంలో ఉన్న అసలు సుఖం ఇదే.

రోజుకి ఒక్క చోటు. రెండు పెట్టుకుంటే రెండోదాన్ని పిల్లలు ఏడుస్తూ చూస్తారు. వెనక్కి వచ్చిన డబ్బులో నాలుగో వంతు తీసి ఒక కవరులో పెట్టి, దీని మీద బేరాలూ లెక్కలూ ఉండవని ఇంటిల్లిపాదీ అనుకోండి. ఊటీలో బోటు షికారుకు వెనకాడని మనం ఇక్కడ ఆటోకి వంద రూపాయలు ఎక్కువయ్యాయని గొణుక్కుంటే, ఆ రోజు మూడ్ అక్కడే పోతుంది.

ఇంకో ప్రశ్న వేసుకోండి: ఆ ప్రయాణంలో మీకు కావలసిందేమిటి? చల్లదనమా, సముద్రమా, దేవుడా, పిల్లలకు కొత్త వింతా, లేక ఎవరూ పిలవని ప్రశాంతతా? జవాబును బట్టి చోటు ఎంచుకుంటే నిరాశ తగ్గుతుంది. తిరుమల ఆగిపోయినవాళ్లు మంగళగిరికి వెళ్లవచ్చు. పానకాల స్వామికి బెల్లం పానకం పోయించి, కింది గుడి దగ్గర 11 అంతస్తుల గాలిగోపురం నీడలో కూర్చుంటే పూట తెలియకుండా గడుస్తుంది. ఆ గోపురాన్ని జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 19వ శతాబ్దం మొదట్లో కట్టించారు. సముద్రం కావలసినవాళ్లకు బందరు, అంటే మచిలీపట్నం, ఉంది. కొండగాలి మాత్రం ఇక్కడ దొరకదు. మే నెలలో ఊటీకి బదులు ఏదో ఒకటి చూపించాలని పిల్లల్ని ఎండలో తిప్పితే జ్వరాలు వస్తాయి.

మొదటి రోజు: ఉండవల్లి

ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా ఆరేడు కిలోమీటర్లే. సిటీ బస్సులూ ఆటోలూ ఉన్నాయి. దగ్గరి చోటుతో మొదలుపెట్టడంలో ఒక ఉపాయం ఉంది: ప్రయాణం పోయిందన్న దిగులు మొదటి రోజే ఎక్కువ, ఆ రోజు దూరాలు పెట్టుకుంటే దారిపొడుగునా అదే మాట నలుగుతుంది.

బ్యారేజీ దగ్గర కాసేపు దిగండి. ఇప్పుడున్నది 1957లో పూర్తయింది. అంతకు ముందు ఇక్కడ 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట ఉండేది. వరద కాలంలో గేట్లెత్తితే చూడటానికి జనం బారులు తీరతారు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద 11 లక్షలు దాటింది. పేపర్లో "ఇన్‌ఫ్లో" అంకె చూసినప్పుడు ఆ మూడింటినీ పక్కన పెట్టుకుంటే నది ఏ స్థితిలో ఉందో పిల్లలకు కూడా అర్థమవుతుంది. మొదటి హెచ్చరిక దరిదాపుల్లో ఉంటే ఘాట్లు, భవానీ ద్వీపం ఆ రోజుకి మరిచిపోండి.

గుహల దగ్గర టికెట్ తీసుకోవాలి, ఇది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ ఉండదు. నలుగురికి రెండు లీటర్ల నీళ్లు, ఒక టార్చిలైటు పట్టుకెళ్లండి. ఫోన్ లైటు ఎదురుగా పడి బొమ్మల గీతల్ని చదును చేసేస్తుంది. టార్చిని గోడకు దగ్గరగా, పక్క నుంచి పట్టుకుంటే ఉలి గాటు ఒక్కొక్కటీ నీడ వేసి పైకి లేస్తుంది.

అందరూ చేసే పొరపాటు, లోపలికి రాగానే మెట్లెక్కి పడుకున్న దేవుడి దగ్గరికి పరుగెత్తడం. కింది అంతస్తులో పావుగంట ఉండండి. అది పూర్తికాని పని. స్తంభాలు చతురస్రంగా, మొరటుగా అలాగే నిలబడి ఉంటాయి. కట్టడం అన్నది కింద నుంచి పైకి రాయి పేర్చుకుంటూ పోయేది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు: కొండను తొలుచుకుంటూ పోయి, అక్కర్లేని రాయి తీసేసి, స్తంభానికి కావలసిన రాయి మాత్రం మిగల్చడం. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అతికించేది లేదు. పిల్లలకు సబ్బుబిళ్ల, పాత చెంచా ఇచ్చి ఇంటికెళ్లాక రెండు స్తంభాలున్న చిన్న మండపం తొలవమనండి. స్తంభం సన్నబడగానే విరిగిపోతుంది, అప్పుడు ఆ శిల్పులు ఏం చేశారో వాళ్లకు చెప్పనక్కర్లేదు.

తర్వాత పైకి. మూడో అంతస్తులో శేషతల్పం మీద పడుకున్న విష్ణుమూర్తి పొడవు ఐదు మీటర్లకు పైనే. అంత మూర్తీ ఒకే రాతిలో మలిచింది. తల దగ్గర నిలబడి ఒకసారి, పాదాల దగ్గర నిలబడి ఒకసారి చూడండి. ఒక్కచోటు నుంచి చూసి వచ్చేస్తే కొలత అందదు. బయట వసారాలో కూర్చున్న రుషుల బొమ్మలు, సింహాలు పొలాల వైపు చూస్తుంటాయి. నాలుగో అంతస్తు మళ్లీ అసంపూర్తే. ఈ గుహల్ని విష్ణుకుండిన రాజుల కాలానికి, అంటే క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటికి చెందినవిగా చెబుతారు.

తొమ్మిదిన్నరకి బయటపడి, ఊళ్లోకి వచ్చి పెసరట్టు ఉప్మా తినండి. ఇంట్లో పెసరట్టు వేస్తూనే ఉంటాం కదా అనిపిస్తుంది, అయినా ఈ రోజు ప్లేటు ఇంకొకరు కడగాలి.

సాయంత్రం గాంధీ కొండ. బెజవాడ రైల్వేస్టేషన్ పక్కనే లేచిన ఈ కొండ మీద 52 అడుగుల గాంధీ స్తూపం ఉంది, 1968లో ప్రారంభించారు. ఊరంతా ఒక్కచోటు నుంచి కనిపించేది ఇక్కడే. మీ ఇల్లు ఎటువైపో వెతికే ఆట పిల్లలకు పెట్టండి.

పడవ ఎక్కాలనుకుంటే ఒక్క షరతు: పర్యాటక శాఖ రేవు నుంచి, లైఫ్ జాకెట్ తొడుక్కుని మాత్రమే. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. జాకెట్ ఉక్కగా ఉందని తీసి ఒళ్లో పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలకు పెద్దల సైజు తొడిగితే నీళ్లలో అది జారి పైకి వచ్చేస్తుంది, వాళ్ల సైజు లేకపోతే ఎక్కించకండి.

రెండో రోజు: కొండపల్లి

ఊరికి 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఇబ్రహీంపట్నం వైపు. రోడ్డు మీదున్న దుకాణాల దగ్గర ఆగిపోకుండా బొమ్మల కాలనీలోకి వెళ్లండి. ఇళ్ల అరుగుల మీదే పని జరుగుతూ ఉంటుంది. "పని చూడొచ్చా అండీ" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎక్కువసేపు కూర్చుంటే ఏదో ఒకటి కొనండి, వాళ్లకు అది పనివేళ. దసరాకీ సంక్రాంతికీ ముందు వారాల్లో బొమ్మల కొలువుల సరుకు పంపే హడావిడి ఉంటుంది. అప్పుడు చూడటానికి చాలా ఉంటుంది, మాట్లాడటానికి తీరిక ఉండదు.

చూడాల్సిన వరస ఇది. తెల్ల పొణికి అనే చెట్టు కర్ర, చుట్టుపక్కల అడవుల్లోది. పచ్చిది పనికిరాదు. తేమ పోయేలా ఆరబెట్టి, సన్నసెగ మీద కాస్తారు. తర్వాత తల, మొండెం, చేతులు దేనికది చెక్కుతారు. ఏనుగు అంబారీ అయినా తాడిచెట్టెక్కే గీత కార్మికుడైనా ఒకే కర్రలోంచి రాదు, ముక్కల్ని అతుకుతారు. ఆ అతుకు పెట్టేది మక్కు: చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మెదిపిన ముద్ద. అది ఆరాక బొమ్మను నున్నగా రుద్ది, సుద్ద పూత పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు.

కొనేటప్పుడు బొమ్మను చేతిలోకి తీసుకుని తూకం చూడండి. పొణికి కర్ర అసలు బరువే అనిపించదు. కంటికి పెద్దగా ఉండి చేతికి బరువు తగిలితే అది వేరే కర్రో, అచ్చు బొమ్మో అయి ఉంటుంది. అతుకు దగ్గర, ముఖ్యంగా చేయి భుజానికి కలిసే చోట, వేలితో తడిమితే గట్టు తగలకూడదు. ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడవకండి, సుద్ద పూత తడికి ఉబ్బి రంగు పొరలుగా లేస్తుంది. మెత్తటి పొడి బ్రష్షు చాలు.

రంగులు వేయని బొమ్మలు ఇమ్మని అడగండి. చాలామంది ఇస్తారు, ధర కూడా తక్కువ. ఇంట్లో పిల్లలు పోస్టర్ రంగులు వేసుకోవచ్చు. లేతరంగులు ముందు, నల్లగీతలు ఆఖరున. ఒక రంగు పూర్తిగా ఆరాకే పక్క రంగు, లేకపోతే సుద్ద రెండింటినీ పీల్చి అంచు పాకుతుంది. నీళ్లు ఎక్కువ కలిపినా ఇదే జరుగుతుంది.

కొండ మీద కోట ఉంది, 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల కాలంలో మొదలైంది. 16వ శతాబ్దం తొలిరోజుల్లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. చలికాలమైతే కోట ముందు, బొమ్మలు తర్వాత. వేసవిలో కోట వద్దు. రాతి గోడలు పదింటికే సెగలు కక్కుతాయి.

మూడో రోజు: కొల్లేరు, నవంబరు నుంచి మార్చి మధ్యలో అయితే

కైకలూరు పక్కన ఆటపాక దగ్గర పక్షుల కేంద్రం ఉంది. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా 70 కిలోమీటర్లకు పైగా. కైకలూరుకు రైలూ ఉంది, బస్సూ ఉంది. కానీ తెల్లవారేసరికి అక్కడ ఉండాలంటే కారే దిక్కు, నాలుగున్నరకి బయల్దేరాలి. రెండు కుటుంబాలు కలిసి మాట్లాడుకుంటే ఖర్చు సగమవుతుంది.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు దాని నీళ్లను సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూడబాతులకు, అంటే పెలికాన్‌లకు, ఇనుప స్టాండ్లు నాటి ఉంచారు. చెట్లు చాలక అవే గూళ్ల చెట్లయ్యాయి. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు కాపురం పెడతాయి.

బైనాక్యులర్ లేకపోతే సగం చూసినట్టే. 8x42 సైజుది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. 10x50 ఇంకా దగ్గరగా చూపిస్తుంది గానీ బరువుకి చేయి వణికి బొమ్మ ఊగుతుంది, పిల్లలకు ఇవ్వొద్దు. ఇంటి దగ్గరే ముందు రోజు సాధన చేయించండి: దూరంగా కరెంటు తీగ మీదున్న కాకిని ముందు వట్టి కళ్లతో చూడాలి, చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. కళ్లకు పెట్టుకున్నాక పక్షిని వెతికితే ఎప్పటికీ దొరకదు.

ఒక్క గూటిని ఎంచుకుని 20 నిమిషాలు దాన్నే చూడండి. తల్లి వచ్చి వాలుతుంది. పిల్ల దాని గొంతు సంచిలోకి ముక్కే కాదు, తలంతా దూర్చేస్తుంది. ఆ సంచి లోపలి నుంచి పిల్ల తల కదలడం బయటికి కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చి ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లు దీన్ని చూడరు. ఫ్లాష్ వాడకండి, కేకలు వేయకండి. బెదిరి లేచిన తల్లి గూడు వదిలితే కాకులు గుడ్ల మీద పడతాయి.

టోపీ, నీళ్లు, ఇడ్లీ పొట్లం ఇంటి నుంచే తీసుకెళ్లండి. మరుగుదొడ్డి అవసరం కైకలూరులోనే చూసుకోవడం మేలు. ఏప్రిల్ తర్వాత కొల్లేరు బదులు నూజివీడు వైపు వెళ్లండి, మామిడి తోటల కాలం అది. తోటలోనే పండిన చిన్నరసాలు బుట్టెడు కొనుక్కుంటే అదే ఆ రోజుకి పండగ.

బందరు వైపు

పై మూడు రోజుల్లో ఏదో ఒకదానికి బదులు ఇటు వెళ్లొచ్చు. మచిలీపట్నం 70 కిలోమీటర్లు, రైలు గుడివాడ, పెడన మీదుగా వెళ్తుంది. అక్కడి నుంచి 11 కిలోమీటర్లలో మంగినపూడి బీచ్. మోకాలి లోతు దాటకండి, లోతు తక్కువగా ఉందన్న ధీమాతోనే ప్రమాదాలు జరుగుతాయి. తిరిగి వస్తూ బందరు లడ్డు తీసుకోండి. శనగపిండి జంతికల్లా వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంతో, నేతితో పట్టేది కాబట్టి తొక్కుడు లడ్డు అన్న పేరు. తాజాది వేలితో నొక్కితే మెత్తగా విరుగుతుంది.

కానీ ఆ దారిలో అసలు దిగాల్సింది పెడనలో. కలంకారీ అచ్చుల పని జరిగేది ఇక్కడే. షెడ్డులో చెక్క అచ్చును ఒక పళ్లెంలో ముంచి గుడ్డ మీద కొడుతుంటే, చాలా అచ్చులకు రంగే కనిపించదు, తడి మరక తప్ప. అది పటిక. తర్వాత పెద్ద రాగి గంగాళంలో ఎర్ర రంగుతో ఉడికించినప్పుడు పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుని నిలుస్తుంది, మిగతాచోట ఉతికితే పోతుంది. నలుపు సంగతి వేరు, దాన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు.

నాలుగో రోజు: ఇంట్లోనే

వెళ్దామనుకున్న ఊరి వంట ఒకటి పొద్దున చేసుకోండి. మంగళూరు, ఉడుపి వైపు ప్రయాణం ఆగిపోయిందనుకుంటే నీరు దోశ. రెండు గ్లాసుల పచ్చి బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, అర గ్లాసు కొబ్బరి తురుముతో మెత్తగా రుబ్బాలి. బరక ఉంటే దోశ చిరిగిపోతుంది. ఉప్పు వేసి పలుచని మజ్జిగలా అయ్యేదాకా నీళ్లు పోయాలి, దాదాపు నాలుగు గ్లాసులు పడతాయి. పులియబెట్టక్కర్లేదు. పెనం బాగా కాలాక అంచు నుంచి మధ్యకు గరిటెతో పోస్తూ రావాలి, తిప్పి పరచకూడదు. మూత పెట్టి నిమిషం, రెండో వైపు కాల్చొద్దు. పోసినప్పుడు చిల్లులు పడకుండా మందంగా నిలిస్తే ఇంకో అర గ్లాసు నీళ్లు పోయండి. పిండి అడుగుకి దిగుతుంది, ప్రతి దోశకూ ముందు కలపాలి. మరిచిపోతే మొదటివి పలుచగా, ఆఖరివి రాయిలా వస్తాయి.

ఇక కలంకారీ నలుపు. దీన్ని మొదటి రోజే మొదలుపెట్టాలి. తుప్పు పట్టిన మేకులు గుప్పెడు ఒక గాజుసీసాలో వేసి మునిగేదాకా వెనిగర్ పోయండి. మూత బిగించకండి, లోపల గ్యాసు పుడుతుంది. పలుచని గుడ్డ కట్టి బాల్కనీలో పెట్టండి. నాలుగో రోజుకి నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. పెడనలో బెల్లం, ఇనుము వారాల తరబడి పులియబెట్టి చేసే కసిమి అనే నల్లరంగు నీటికి ఇది తొందర పద్ధతి.

తెల్లని నూలు చేతిరుమాళ్లు నాలుగు తీసుకోండి. పాలియెస్టర్ కలిసినది రంగు పట్టదు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, ఒక చెంచా వాషింగ్ సోడా వేసిన నీళ్లలో 20 నిమిషాలు ఉడికించి జాడించాలి. ఈ పని మానేస్తే నలుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

పచారీ కొట్లో కరక్కాయ పొడి 50 గ్రాములు దొరుకుతుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి, గంట ఆగి వడకట్టి, అందులో ఒక గ్లాసు చిక్కటి పచ్చి గేదెపాలు పోయండి. రుమాళ్లను 15 నిమిషాలు నానబెట్టి, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టండి. పిండితే ముడతల చోట ద్రవం ఎక్కువగా నిలిచి చారలు వస్తాయి. పాలలోని వెన్న గుడ్డలో గీత పాకకుండా ఆపుతుంది. పలుచని పాలో, టోన్డ్ పాలో పోస్తే గీసిన ప్రతి గీతకూ మీసాలు మొలుస్తాయి.

ఆరిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. మేకుల నీళ్లను వడకట్టి, చిటికెడు తుమ్మ బంక పొడి కలిపి కాస్త చిక్కగా చేసుకుని, వెదురు పుల్లకో బ్రష్షుకో అంటించి గీయండి. పుల్ల మీద ఉన్నప్పుడు గోధుమరంగులో ఉన్న నీరు గుడ్డను తాకిన క్షణంలో నల్లగా మారిపోతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసినందువల్ల వచ్చే రంగు అది. బెండకాయను అడ్డంగా కోసి అచ్చుగా వాడితే పూలు పడతాయి. అచ్చును ముందు పాత గుడ్డ మీద ఒకసారి కొట్టి, తడి తగ్గాక రుమాలు మీద కొట్టాలి.

కింద పాత పేపర్లు నాలుగు పొరలుగా పరవండి, పిల్లలకు పాత బట్టలు వేయండి. ఈ నలుపు గచ్చు మీద, చొక్కా మీద పడితే పోదు. గీత నల్లగా కాకుండా బూడిదరంగులో ఆగిపోతే మేకుల నీళ్లు ఇంకా తయారు కానట్టు, మరో రెండు రోజులు ఆగండి. గీసిన రుమాళ్లను ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు జాడించాలి. ఇనుప నీరు గుడ్డలో నిలిచిపోతే కొన్నాళ్లకు గీత వెంబడే నూలు తెగుతుంది. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, సబ్బు తక్కువగా, ఎండలో కాకుండా నీడలో ఆరేయండి.